కొలత చెయ్యి

ఎడమ చేతి చొక్కాను మోచెయ్యి దాటేదాకా మడిచి, గుడ్డపట్టీ చుట్టి, స్టెతస్కోపు మూతిని పట్టీ అంచు కిందికి దూర్చి, అతను కుడిచేత్తో రబ్బరు బుడ్డిని పిసకడం మొదలుపెట్టాడు. ఉదయం తొమ్మిదింపావు. ఈ రోజుకిది మూడో బీపీ మిషను. గుండ్రటి దాని ముఖం మీద ముల్లు రెండు వందలు దాటాక గాలి మరను కొద్దిగా వదిలి, ఊపిరి బిగబట్టి విన్నాడు. నూట డెబ్భై దగ్గర నాడి మొదటి చప్పుడు చెవిలో పడింది.

"ఇదీ పాడే," అన్నాడు.

వినడానికి గదిలో ఎవరూ లేరు. ఆస్పత్రి అడుగు అంతస్తులో, ఆవిరి గొట్టాల కింద, పనిముట్లు బాగుచేసే గది అది. మూడు బల్లలున్నాయి. రెండింటి మీద దుమ్ము పట్టిన గుడ్డలు కప్పి ఉన్నాయి. ఒక బల్ల మనిషి రిటైరయ్యాడు, ఇంకో బల్ల మనిషిని వేరే ఆస్పత్రికి పంపేశారు. వాళ్ళ జాగాలో ఎవరినీ వెయ్యలేదు. ముగ్గురి పనీ వచ్చి మూడో బల్ల మీద పడింది. ఆ బల్ల పక్కనే గోడకి టెలిఫోను. అది మోగినప్పుడల్లా అతని భుజాలు చెవుల దాకా లేస్తాయి. రోజుకి నలభైసార్లు మోగుతుంది కాబట్టి అవి కిందికి దిగడం మానేశాయనే చెప్పాలి.

మిషను వెనక మూత విప్పాడు. లోపల ముల్లును తిప్పే మీట దగ్గర ఆవగింజంత స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే ముల్లు సున్నా దగ్గర సున్నాలోనే ఉండి, పైకి పోయేకొద్దీ తక్కువ చూపిస్తుంది. దాన్ని ముప్పావు చుట్టు తిప్పి, మూత బిగించి, మళ్ళీ తన చేతికే పట్టీ కట్టి చూసుకున్నాడు. ఈసారి నూట ఇరవై. అమ్మయ్య అనుకుని రిజిస్టరులో మిషను నంబరు రాశాడు. పక్కన 'ఎక్కువ చూపుతోంది, ముప్పావు చుట్టు, సరి' అని రాసి, దాని వీపున ఆకుపచ్చ స్టిక్కరు అంటించాడు.

ఆస్పత్రిలో అతని అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ నూటఇరవై గారే. ఇరవై రెండేళ్ళ కిందట నర్సింగు పిల్లలకి బీపీ చూడడం నేర్పేటప్పుడు, కదలకుండా చెయ్యి చాపి కూచునే ఓపికున్న మనిషి కావలసివచ్చి అతన్ని పైకి పిలిచారు. ముప్ఫై ఇద్దరు పిల్లలు ఒకరి తరువాత ఒకరు కొలిస్తే ముప్ఫై ఇద్దరికీ నూట ఇరవై మీద ఎనభై వచ్చింది. మర్నాడూ అంతే. జ్వరం వచ్చి తగ్గిన వారమూ అంతే. మనిషన్నాక నాలుగు అంకెలు అటూ ఇటూ అవుతాయని ఒక డాక్టరు వాదించి, పదిరోజులపాటు వేళగాని వేళల్లో వచ్చి కొలిచి, చివరికి దణ్ణం పెట్టి పోయాడు. అప్పటినుంచి తమ మిషను మీద అనుమానం వచ్చిన ప్రతి నర్సూ అడుగు అంతస్తుకి దిగివచ్చి, "నూటఇరవై గారూ, ఒకసారి చెయ్యివ్వండి," అనేది. అతను పైకి విసుక్కునేవాడు, లోపల పొంగిపోయేవాడు. కొందరికి గొంతు ఉంటుంది, కొందరికి అందం ఉంటుంది, తనకి చెయ్యి ఉంది. అంతకు మించి గొప్ప చెప్పుకోవడానికి అతని జీవితంలో ఏమీ లేదు. ఆ మాట ఒప్పుకోవడానికి అతనికి సిగ్గూ లేదు.

అయినా అప్పట్లో అసలు కొలత చెయ్యి కాదు, పాదరసం. గోడకి బిగించిన గాజుగొట్టంలో పాదరసం లేచి ఎంత చెబితే అంతే, దాని మీద అప్పీలు లేదు. ఏడాది కిందట పాదరసం ఆస్పత్రుల్లో ఉండకూడదని నియమం వచ్చింది. ఇద్దరు మనుషులు చేతితొడుగులు వేసుకొచ్చి ఆ గొట్టాన్ని ఊడదీసి పట్టుకుపోయారు. దాని బదులు కరెంటుతో నడిచే కొత్త కొలత రెండు వారాల్లో వస్తుందన్నారు. రెండు వారాలు పోయాయి, రెండు నెలలూ పోయాయి. అడగ్గా అడగ్గా ఆస్పత్రి సూపరింటెండెంటు నవ్వేశాడు.

"మీ చెయ్యుంది కదండీ. అది వచ్చేదాకా దాంతో నడిపించెయ్యండి."

నవ్వులాటకన్న మాట పద్ధతైపోయింది. ఆ మాటకి అతను మురిసిపోయాడు కూడా, దాచి లాభం లేదు.

తరువాత, ఇప్పటికి ఏడు నెలల కిందట, ఆపరేషను గదిలో రక్తం పీల్చే మిషను నడిమధ్యలో ఆగిపోయింది. రోగి బతికాడు. మెమో మాత్రం ఇతనికి వచ్చింది. లోపలి రబ్బరు పొర చివికిపోయిందనీ, కొత్తది తెప్పించమనీ అతను రెండుసార్లు రాసి ఉన్నాడు. ఆ కాగితాలు ఎవరికీ కనబడలేదు. 'మరొక పొరపాటు జరిగిన యెడల ఉద్యోగమున కొనసాగించుట సాధ్యపడదు' అని మెమోలో చివరి వాక్యం. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆ వాక్యం అతనితో పాటు బస్సెక్కేది, అతనితో పాటు కంచం ముందు కూచునేది. నిద్ర పట్టడం మానేసింది. మెడ వెనక మేకు దిగేసినట్టు నొప్పి. అన్నం కలుపుతుంటే కడుపులో ఎవరో పిడికిలి బిగించేవారు.

అతని భార్య ఇంట్లో కుట్టుమిషను మీద బడిపిల్లల సంచులు కుడుతుంది. నాలుగు నెలలుగా ఆవిడది ఒకటే పాట. ఈ పొద్దున కూడా సంచి పట్టీకి దారం కత్తిరిస్తూ అదే ఎత్తుకుంది.

"రాత్రంతా పళ్ళు నూరారు. కంకర మిల్లు పక్కన పడుకున్నట్టుంది నాకు. ఒక్కసారి డాక్టరుకి చూపించుకోకూడదూ? పొద్దస్తమానం ఆస్పత్రిలోనే ఉంటారు కదా."

"నాకేమయిందే? రోజుకి పదిసార్లు నా బీపీ నేనే చూసుకుంటున్నాను. ఎప్పుడు చూసినా నూట ఇరవయ్యే."

"మీ చేతి సంగతి సరే. అద్దంలో మీ మొహం చూసుకున్నారా?"

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. అతను చెప్పులు తొడుక్కుని వచ్చేశాడు.

తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. సూపరింటెండెంటు.

"రేపు పొద్దున్నే తనిఖీ వాళ్ళొస్తున్నారు, గుర్తుందిగా? కొత్త మిషన్లు మూడు పంపించాను. అవి కూడా చూసేసి, స్టిక్కర్లు వేసి పన్నెండింటికల్లా పైకి పంపండి. ఒక్కదానికి స్టిక్కరు లేకపోయినా నేను మాట పడాలి. నేను పడితే మీరూ పడతారు."

గుమ్మం దగ్గర మూడు అట్టపెట్టెలున్నాయి. మొదటిదాని సీలు చింపి మిషను బయటికి తీశాడు. కొత్త రబ్బరు వాసన. పట్టీ కట్టి, గాలి కొట్టి విన్నాడు. నూట డెబ్భై రెండు.

"కొత్తదే పాడా? ఇప్పటి సరుకంతా ఇంతే."

స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. మూత విప్పబోతూ, పోనీ మూడూ చూసి ఒకేసారి విప్పుదామని రెండోదాని సీలు చింపాడు. నూట డెబ్భై. మూడోది. నూట డెబ్భై రెండు.

మూడింటినీ బల్ల మీద వరసగా పెట్టి చూశాడు. ఒక్కోదాని పెట్టెలో తయారుచేసినవాళ్ళు సరిచూసి ఇచ్చిన కాగితం ఉంది. కాగితాల మీద మూడు వేరువేరు తారీకులు. ఒకదాన్నొకటి ఎరగని మూడు మిషన్లు కూడబలుక్కుని అబద్ధం ఆడవు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇన్నాళ్ళూ తను...

స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. రిజిస్టరు దగ్గరికి లాక్కుని వెనక్కి తిప్పాడు. మెమోకి ముందు రోజుల్లో అన్నీ 'సరి', 'సరి', 'గొట్టం మార్చబడింది', 'సరి'. మెమో వచ్చిన మూడో వారంలో మొదటిసారి 'పావు చుట్టు'. తరువాతి నెలలో మూడు మిషన్లకి పావు చుట్టు. ఆపైన అర చుట్టు. ఆపైన వరసగా ముప్పావు. అన్నీ అతని గుండ్రటి అక్షరాలే. అది మిషన్ల రిజిస్టరు కాదని, తన కేసుషీటని అతనికి అర్థమైంది. ఏడు నెలలు పూటపూటా తన జబ్బును తనే రాసుకుంటూ, దాన్ని మిషన్లలోంచి తీసేస్తూ వచ్చాడు.

మొదట కలిగింది భయం. అది తన ప్రాణం గురించి కాదు, రెండో మెమో గురించి. మనిషి ఏడు నెలలు ఒక్క వాక్యాన్ని మోస్తే బుర్ర అలాగే పనిచేస్తుంది, అతన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆ తరువాత లెక్కపెట్టాడు. తిప్పినవి మొత్తం పంతొమ్మిది. పొద్దున తిప్పినదాంతో కలిపి ఎనిమిది మామూలు వార్డులవి. పదకొండు కాన్పుల విభాగంలో.

ఆ పదకొండు దగ్గర అతని వేలు ఆగింది. కడుపుతో ఉన్న ఆడమనిషికి బీపీ పెరిగితే ఏమవుతుందో నర్సుల మాటల్లో ఇరవై రెండేళ్ళుగా వింటున్నాడు. ఫిట్స్ వస్తాయి. కొన్ని గంటల్లో తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. నూట అరవై ఐదు ఉన్న మనిషికి తను ముప్పావు చుట్టు తిప్పిన మిషను నూట పదహారు చూపిస్తుంది. చూసినవాళ్ళు బాగుందని చెప్పి ఇంటికి పంపేస్తారు.

ఫోనెత్తి సూపరింటెండెంటుకి చెప్పాడు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదండి."

"అనకండి. రేపు తనిఖీ అయిపోనివ్వండి, ఎల్లుండి నుంచి ఒక్కోటీ తెప్పించుకుని సరిచేద్దురు గాని. ఒక్క రోజులో కొంపలేం మునిగిపోవు. మీ మీద ఒక మెమో ఉందని మర్చిపోకండి."

మర్చిపోతే కదా.

అతను ఫోను పెట్టేశాడు. సూపరింటెండెంటు చూపిన దారి నచ్చలేదు గానీ, దాని పక్కనే ఇంకో సన్నదారి కనబడింది. స్టిక్కర్ల సాకు చెప్పి మిషన్లన్నీ ఈ రోజే కిందికి తెచ్చేసుకుంటే సరి. కొత్తవాటితో పోల్చి స్క్రూలు వెనక్కి తిప్పి, సాయంత్రానికి ఎక్కడివక్కడ పెట్టెయ్యవచ్చు. ఎవరికీ తెలియదు. తల్లులకీ ప్రమాదం ఉండదు, తనకీ ఉండదు. కొత్త మిషనొకటి ట్రేలో పెట్టుకుని లేచాడు.

కాన్పుల విభాగం మూడో అంతస్తులో. లిఫ్టులో దుప్పట్ల బండి ఇరుక్కుని ఉంది. మెట్లెక్కాడు. రెండో అంతస్తు మలుపులో చెవుల్లో హోరుమని, రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళద్దాల మీద చెమట పడింది. తుడుచుకుని మళ్ళీ ఎక్కాడు.

అక్కడ పెద్ద సిస్టరు ఉంది. నలుగురి పని ఒక్కతే చేస్తూ, ఐదుగురిని కసురుతూ ఉండే భారీ మనిషి. అతనికి నర్సింగు పిల్లగా ఉన్నప్పటి నుంచి తెలుసు. ఆ ముప్ఫై ఇద్దరిలో ఒకతె. బల్లకి అటువైపు బెంచీ మీద ఆడవాళ్ళు వరసగా కూచున్నారు. సిస్టరు ముందున్నావిడకి ఎనిమిదో నెల. పాదాలు వాచి చెప్పుల పట్టీలు పట్టక, చెప్పులు పక్కన విడిచి కూచుంది.

"పోయినసారి కూడా బాగానే ఉందన్నారమ్మా. మరి ఈ తలనొప్పి తగ్గట్లేదు. నిన్నటి నుంచి కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నట్టుంది," అంటోంది ఆవిడ.

"చూస్తున్నాగా, ఉండు." సిస్టరు గాలి వదిలి విని, పట్టీ విప్పింది. "నూట పద్ధెనిమిది. బీపీ బంగారంలా ఉంది. నిద్ర సరిగా పోవట్లేదేమో. ఇంటికెళ్ళి పడుకో, అదే సర్దుకుంటుంది."

ఆవిడ అమాయకంగా తలూపి, వంగలేక కాలివేళ్ళతో చెప్పులు వెతుక్కుంటోంది. మిషను వీపున ఆకుపచ్చ స్టిక్కరు ఇతని వైపే ఉంది. నంబరు చదివాడు. ముప్పావు చుట్టు.

ఇప్పుడు మిషను తీసుకుని ఊరుకుంటే ఈమె ఇంటికి పోతుంది. సన్నదారి అక్కడితో అయిపోయింది.

"సిస్టర్, ఆవిణ్ణి పంపకండి."

"ఏంటండీ? స్టిక్కర్లా? కాస్త ఆగండి, ఇంకా పదిమంది ఉన్నారు."

"అది తక్కువ చూపిస్తోంది. మీ దగ్గరున్న పదకొండూ అంతే. నేనే తిప్పాను." కొత్త మిషను బల్ల మీద పెట్టాడు. "దీంతో చూడండి."

సిస్టరు అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. ఆ గర్భిణిని మళ్ళీ కూచోబెట్టి పట్టీ కట్టింది. ముల్లు దిగుతూ దిగుతూ నూట అరవై ఎనిమిది దగ్గర కొట్టుకోవడం అతను నిలబడినచోటి నుంచే చూశాడు. కింది అంకె నూట పన్నెండు. సిస్టరు లేచి, ఎప్పుడూ లేనంత మెల్లని గొంతుతో చక్రాల కుర్చీ తెమ్మంది. రెండు నిమిషాల్లో డాక్టరమ్మ పరుగున వచ్చింది, నాలుగో నిమిషంలో కుర్చీ తలుపు దాటింది. చెప్పులు బల్ల కిందే ఉండిపోయాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది సిస్టరు.

"ఏడు నెలలు."

"మీ చేతి మీదే చూశారా?"

"నా చేతి మీదే."

ఆమె కుర్చీలో కూలబడింది. "నాలుగు నెలల కింద నాకు అనుమానం వచ్చింది. ఒకావిడ ఒళ్ళు అంత వాచినా బీపీ చూస్తే ఏమీ లేదు. మిషను పట్టుకుని మీ దగ్గరికే వచ్చాను. మీ మీద నూట ఇరవై చూపించింది. ఇంకేం చూసేదని ఊరుకున్నాను."

తిలాపాపం తలా పిడికెడు. అయితే పంచుకున్నంత మాత్రాన అతని పిడికెడు బరువు తగ్గలేదు. ఆ ఒళ్ళు వాచినావిడ సంగతి అడగబోయాడు.

"ఆవిడ బాగానే ఉంది. మన అదృష్టం," అని సిస్టరే చెప్పింది. "చెయ్యివ్వండి."

"నాకెందుకిప్పుడు?"

"ఇవ్వండి."

కట్టింది. అతను నూట ఇరవై దగ్గర చూపు ఆనించబోయాడు, ఇరవై రెండేళ్ళ అలవాటు. ముల్లు అక్కడిదాకా రాకముందే, రెండు వందల నాలుగు దగ్గర ఎగరడం మొదలుపెట్టింది. సిస్టరు వెంటనే పట్టీ విప్పింది. చీటీ రాసి, ఆయాను కింద ఓపీ కిటికీకి పరుగెత్తించి ఇరవై మూడో నంబరు టోకెను తెప్పించింది.

"ఇప్పుడే వెళ్ళండి. లైనులో కూచోనక్కర్లేదు, నేను డాక్టరు గారికి ఫోను చేస్తాను."

"ఎనిమిదో నంబరు నడుస్తోందట సిస్టర్. పొద్దున్నించి కూచున్నవాళ్ళున్నారు. స్టాఫని ముందు దూరితే ఉసురు తగులుతుంది. నా నంబరు వచ్చేసరికి అక్కడుంటాను."

"మొండితనం ఇప్పుడా?"

"మీ దగ్గర ఇప్పుడు పనికొచ్చే మిషను ఒక్కటే ఉంది. బెంచీ మీద పదిమంది ఉన్నారు."

అది నిజం కావడం వల్ల ఆమె తగ్గింది. తన రిజిస్టరు తెరిచి, ఈ ఏడు నెలల్లో చూసినవాళ్ళలో ఎవరెవర్ని వెనక్కి పిలవాలో గీతలు పెట్టుకోవడంలో పడింది. అతను ఆమె బల్ల మూలన నిలబడి ఒక తెల్లకాగితం మీద పంతొమ్మిది నంబర్లూ రాశాడు. కింద, 'ఇవి నా చేతి మీద సరిచూసినవి. నా చెయ్యి తప్పు. వీటిని వాడవద్దు. వీటితో చూసినవారిని మళ్ళీ చూడవలెను' అని రాసి సంతకం పెట్టాడు. సిస్టరు కాగితం అందుకుని సంతకం దగ్గర ఆగింది. ఆ పేరు ఆమె చూడడం అదే మొదటిసారి.

పన్నెండున్నరకల్లా పద్ధెనిమిది మిషన్లు అడుగు అంతస్తుకి చేరాయి. కొన్ని ఆయాలు తెచ్చారు, ఎక్కువ అతనే వార్డు వార్డుకీ తిరిగి తెచ్చాడు. పంతొమ్మిదోది ఇళ్ళకి వెళ్ళి గర్భిణులను చూసే సిస్టరు సంచిలో ఉంది. ఆ అమ్మాయి పొద్దున్నే వెళ్ళిపోయింది. పెద్ద సిస్టరు ఫోను చేసి దాన్ని వాడొద్దని చెబితే, ఆ అమ్మాయి సాయంత్రం నాలుగింటికి తెస్తానంది.

అతను బల్ల ముందు కూచుని కొత్త మిషనునీ పాతదాన్నీ ఒకే గొట్టానికి తగిలించాడు. ఒకే బుడ్డితో గాలి కొడితే రెండు ముళ్ళూ కలిసి లేవాలి. పాతది వెనకబడినంత మేర స్క్రూ వెనక్కి తిప్పాలి. ఈ పద్ధతిలో చేతితో పని లేదు. ఒక్కోటి పది నిమిషాలు. మొదటి మూడూ అయ్యాక కాన్పుల విభాగానికి పంపేశాడు. నాలుగోదాని మూత తీస్తుంటే ఫోను మోగింది.

"ఆ కాగితం ఎవరివ్వమన్నారు మీకు?" సూపరింటెండెంటు గొంతు వణుకుతోంది. ఆయనకీ పైన ఎవరో ఉండి ఉంటారు. "నేనేం చెప్పాను, మీరేం చేశారు?"

"నేనే రాశానండి."

"ఇంక మెమోతో పోదు, తెలుసా?"

"తెలుసండి. పంపించండి."

ఫోను పెట్టేశాక అతనికి ఒక వింత తెలిసింది. ఏడు నెలలుగా మోస్తున్న ఆ వాక్యం, ఎవరో తీసి పక్కన పెట్టినట్టు, లేదు. ఏ పొరపాటు జరుగుతుందని భయపడ్డాడో అది జరిగిపోయింది, తన చేత్తోనే జరిగింది, దాన్ని కాగితం మీద పెట్టేశాడు. కడుపులో పిడికిలి విడింది. చాలా రోజుల తరువాత ఆకలేసింది. డబ్బా తెరిచి సగం తిన్నాడు కూడా.

రెండింటికి భార్య ఫోను చేసింది.

"తిన్నారా?"

"తిన్నాను. సాయంత్రం తొందరగా వస్తాను."

"మీరా? సూర్యుడెటు పొడిచాడో."

డాక్టరు సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఫోనులో చెబితే ఆవిడ గెలిచినట్టు మొహం పెట్టడం చూడలేడు. ఎదురుగా చెప్పి చూడాలనుకుని ఊరుకున్నాడు.

మూడింటికి మెట్లెక్కి ఓపీ కిటికీ దగ్గరికెళ్ళాడు. లోపలి గుమాస్తా తలెత్తకుండానే, "పదహారు నడుస్తోంది. కూచోండి నూటఇరవై గారూ, మీదీ వచ్చేస్తుంది," అన్నాడు. బెంచీ మీద చోటు లేదు. ఒక ముసలాయన జరిగి కొంచెం జాగా చేశాడు. అతను కూచోలేదు.

"ఇంకో నాలుగు మిషన్లున్నాయి. అవి బిగించుకుని వచ్చేస్తా."

మెట్లు దిగుతుంటే ఎడమ చెయ్యి భుజం నుంచి మొద్దుబారింది. పొద్దున్నించీ పట్టీ బిగించి బిగించి అలా అయిందనుకున్నాడు. ఆ చెయ్యి విషయంలో అతను పొరపాటు పడడం ఈ రోజుకది రెండోసారి.

నాలుగూ ఇరవైకి ఇళ్ళకి తిరిగే సిస్టరు వచ్చింది. కాళ్ళనిండా దుమ్ము, భుజాన సంచి. గుమ్మంలోంచే, "బాబాయ్, ఇదుగో మీ పంతొమ్మిది," అనబోయి గొంతు తగ్గించింది. అతను కుర్చీలో వెనక్కి వాలి, తల వెనక ఉన్న అలమారకి ఆనించి ఉన్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాయి. బల్ల మీద మిషన్లు వరసగా, మూతలు బిగించి ఉన్నాయి. రిజిస్టరు తెరిచే ఉంది. చివరి పంక్తిలో నంబరూ, పక్కన 'సరి' అనీ రాసి ఉంది.

ఈయనకి నిద్ర పట్టట్లేదని ఆస్పత్రిలో అందరికీ తెలుసు. పాపం, ఇన్నాళ్ళకి కునుకు పట్టిందనుకుంది ఆ అమ్మాయి. సంచిలోంచి మిషను తీసి చప్పుడు కాకుండా బల్ల చివర పెట్టింది. వెళ్ళబోతూ టెలిఫోను చూసి, అది మోగి లేపేస్తుందేమోనని, రిసీవరు తీసి పక్కన పడుకోబెట్టింది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

పైన గుమాస్తా ఇరవై మూడో నంబరు మూడుసార్లు పిలిచాడు. లోపలికి ఎవరూ రాకపోయేసరికి ఇరవై నాలుగుని పిలిచాడు.

ఐదున్నరకి పెద్ద సిస్టరు దిగి వచ్చింది. ఎన్నిసార్లు ఫోను చేసినా కలవక, మోకాళ్ళు పట్టుకుని రెండు వైపులా ఊగుతూ మెట్లు దిగింది. సంతోషం ఆపుకోలేక తలుపు తోస్తూనే మొదలుపెట్టింది.

"నూటఇరవై గారూ, పొద్దుటి ఆ అమ్మాయికి ఆపరేషను చేశారండీ. ఆడపిల్ల. పిడికెడంత ఉంది గానీ ఏడుపు చూడాలి, వార్డంతా లేచిపోయింది. తల్లి కళ్ళు తెరిచి..."

ఆగి, దగ్గరికి వచ్చింది. అలవాటు కొద్దీ అతని ఎడమ మణికట్టు పట్టుకుంది. పట్టుకుని చాలాసేపు నిలబడింది. గదిలో పక్కన పెట్టిన రిసీవరు సన్నగా కూస్తూనే ఉంది.

ఏడింటికి అతని భార్యను తీసుకొచ్చారు. చీర మీద అక్కడక్కడా సంచుల దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఏడవాల్సినంతా దారిలో ఏడ్చి వచ్చినట్టుంది, వరండాలో బల్ల మీద నిటారుగా కూచుంది. పెద్ద సిస్టరు ఒక గోధుమరంగు కవరు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి పక్కనే కూచుంది. ఆవిడ ఒక్కోటీ బయటికి తీసింది. కళ్ళద్దాలు. వాచీ. తాళం చెవులు. చొక్కా జేబులోదని విడిగా కాగితంలో చుట్టి పెట్టిన ప్లాస్టిక్కు బిళ్ళ.

"ఇదేంటమ్మా? ఇది మావారిది కాదే."

"టోకెనండీ. డాక్టరు గారికి చూపించుకోడానికి తీసుకున్నారు."

"ఎవరికి చూపించడానికి?"

"ఆయనకే. నంబరు వచ్చేలోపు..."

ఆవిడ బిళ్ళను దీపం వైపు తిప్పి చూసింది.

"చూపించుకుంటానన్నారా?" అంది. "ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు."

ఆవిడ తలూపింది. కళ్ళద్దాలూ వాచీ తాళాలూ మళ్ళీ కవర్లో వేసింది గానీ బిళ్ళను వెయ్యలేదు. గుమాస్తా సాయంత్రం టోకెన్లు డబ్బాలో సర్దుకుంటూ ఒకటి తగ్గిందని వెతుకుతూ వరండాలోకి వచ్చి, ఆవిడ చేతిలో దాన్ని చూసి, అడగకుండా వెనక్కి వెళ్ళాడు. అది రూపాయంత నీలం బిళ్ళ, పైన తాడు దూర్చే చిల్లు ఉంది, ఎందరెందరి చేతుల్లోనో నలిగి దాని మీది రెండు సగం చెరిగిపోయింది, మూడు మాత్రం స్పష్టంగా ఉంది.